అమెరికా–రష్యా అణు ఒప్పందాలు ఎందుకు కూలిపోయాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది. అప్పటి నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ప్రశ్నలు చాలావరకు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. దేనికది విడిగా చదువుకోవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వార్‌హెడ్ల (క్షిపణి మొనలో ఉండే అణుబాంబుల) లెక్క పోయినందుకు నాకు పెద్ద దిగుల్లేదు, ఎదుటి దేశపు స్థావరంలోకి వెళ్లి కళ్లతో చూసొచ్చే హక్కు పోయినందుకే దిగులు.

## మొదటి సందేహాలు

న్యూ స్టార్ట్ అంటే ఏంటి? ఒక్క ముక్కలో చెప్పండి.

అమెరికా, రష్యా తమ దూరశ్రేణి అణ్వాయుధాలకు సమానమైన పరిమితి పెట్టుకున్న ఒప్పందం. 2010 ఏప్రిల్ 8న ప్రాగ్‌లో అప్పటి అధ్యక్షులు ఒబామా, మెద్వెదేవ్ సంతకాలు చేశారు. 2011 ఫిబ్రవరి 5న అమల్లోకి వచ్చింది. ఒక్కో దేశం మోహరించగలిగే వార్‌హెడ్లు 1,550. వాటిని మోసే క్షిపణులు, బాంబర్లు కలిపి 700. మోహరించని లాంచర్లను కూడా కలుపుకుంటే 800. పదేళ్ల ఒప్పందాన్ని 2021లో మరో ఐదేళ్లు పొడిగించారు. ఒక్కసారికి మించి పొడిగించే వీలు అందులో లేదు.

అంటే రెండు దేశాల దగ్గరా 1,550 బాంబులే ఉన్నాయా?

కాదు. స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ అంచనా ప్రకారం 2025 జనవరి నాటికి రష్యా దగ్గర 5,459, అమెరికా దగ్గర 5,177 వార్‌హెడ్లు ఉన్నాయి. వీటిలో గోదాముల్లో ఉన్నవి, పక్కన పెట్టేసి విప్పాల్సినవి కూడా కలిశాయి. 1,550 అనేది క్షిపణుల మీద ఎక్కించి సిద్ధంగా ఉంచిన వాటి లెక్క. అందులోనూ ఒక చిత్రం ఉంది. బాంబర్ విమానం ఎన్ని అణు ఆయుధాలు మోయగలిగినా లెక్కలో దాన్ని ఒక్కటిగానే వేసుకున్నారు. బీ-52 ఒక్కటే 20 క్రూయిజ్ క్షిపణుల (విమానంలా ఎగురుతూ వెళ్లేవి) దాకా మోస్తుంది. యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వాయుధాల ఊసే ఒప్పందంలో లేదు, అవి రష్యా దగ్గర ఎక్కువ.

ఒకప్పుడు 70 వేలుండేవట కదా, ఇప్పుడు 12 వేలే. మరి భయమెందుకు?

అంకెలు నిజమే. 1986 ప్రాంతంలో ప్రపంచం మొత్తం మీద 70 వేలు దాటి ఉండేవి. 2025 జనవరికి 12,241. తగ్గించింది ఈ ఒప్పందాలు, సోవియట్ యూనియన్ పతనం కలిసి. కానీ హిరోషిమా బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులు, అమెరికా జలాంతర్గాముల్లోని డబ్ల్యూ-88 వార్‌హెడ్ ఒక్కటి 455. ఆ లెక్కన 1,550 కూడా చాలా ఎక్కువ.

## ఒప్పందాలు ఎలా పుట్టాయి?

బద్ధశత్రువులు ఒకర్నొకరు నమ్మి సంతకాలెలా చేశారు?

నమ్మలేదు. నమ్మకం లేదు కాబట్టే ఒప్పందాలు కావాల్సి వచ్చాయి. 1962 అక్టోబర్‌లో క్యూబా క్షిపణుల సంక్షోభమప్పుడు ఇద్దరూ అణుయుద్ధం అంచుదాకా వెళ్లొచ్చారు. కెన్నెడీ, క్రుష్చేవ్ మధ్య సందేశాలు చేరడానికి గంటలు పట్టేది. ఆ భయంతో 1963లో హాట్‌లైన్ పెట్టుకున్నారు. అదే ఏడాది భూగర్భంలో తప్ప ఇంకెక్కడా అణు పరీక్షలు చేయకూడదని ఒప్పుకున్నారు. 1972లో మాస్కోలో నిక్సన్, బ్రెజ్నెవ్ దూరశ్రేణి క్షిపణులకు పరిమితి పెట్టే సాల్ట్-1, క్షిపణి రక్షణకు పరిమితి పెట్టే ఏబీఎం ఒప్పందాల మీద సంతకాలు చేశారు. అప్పటికి వియత్నాం యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. స్నేహం కుదిరాక చర్చలు అనే పద్ధతి ఎన్నడూ లేదు. ఇవాళ "ఉక్రెయిన్ యుద్ధం ఆగేదాకా చర్చలెలా?" అనేవాళ్లకు నేను చూపించేది ఆ సంతకాలనే.

శాటిలైట్లు ఉన్నాయి కదా, మనుషులు వెళ్లి తనిఖీ చేయడం ఎందుకు?

శాటిలైట్‌కు క్షిపణి గొయ్యి కనిపిస్తుంది, దాని మూత కనిపిస్తుంది. మూత కింద క్షిపణి ముక్కు భాగంలో ఉన్నది ఒక వార్‌హెడ్డా, మూడా, పదా అన్నది కనిపించదు. అసలు తేడా అక్కడే.

న్యూ స్టార్ట్ తనిఖీ ఇలా నడిచేది. ఇన్‌స్పెక్టర్ల బృందం ముందుగా కబురు పెట్టి దేశంలో దిగుతుంది. ఏ స్థావరానికి వెళ్తున్నదీ దిగాకే చెబుతుంది. అక్కడికి చేరాక, ఫలానా గొయ్యిలోని క్షిపణి చూపించండి అని తనే ఎంచుకుంటుంది. ఆతిథ్య దేశం సిబ్బంది ముక్కు కవచం తీస్తారు. డిజైన్ రహస్యం బయటపడకుండా వార్‌హెడ్ల మీద గుడ్డ కప్పి ఉంచుతారు. ఇన్‌స్పెక్టర్ల పని ఆ కప్పిన ముద్దలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ముందే ఇచ్చిన కాగితంతో సరిపోల్చుకోవడం. "అందులో ఒకటి అణ్వాయుధం కాదు" అని ఆతిథ్య దేశం చెబితే న్యూట్రాన్ డిటెక్టర్ పెట్టి చూసుకోవచ్చు. ఏడాదికి 18 తనిఖీలు. మొత్తం మీద 328 జరిగాయి. వీటితోపాటు ఏ క్షిపణి ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో చెప్పే నోటిఫికేషన్లు 25 వేలకు పైగా చేతులు మారాయి. ప్రతి క్షిపణికీ ఒక గుర్తింపు నంబరు ఉండేది.

అంతకుముందు ఇంకా గట్టిగా ఉండేది. రష్యాలోని ఉద్మూర్తియా ప్రాంతంలో వోట్కిన్స్క్ అని ఒక ఊరుంది. అక్కడి క్షిపణి ఫ్యాక్టరీ గేటు బయట అమెరికా ఇన్‌స్పెక్టర్లు 1988 నుంచి 2009 దాకా కాపురమే పెట్టారు. 1987 నాటి ఐఎన్ఎఫ్ ఒప్పందం (దీని సంగతి కింద ఉంది) నిషేధించిన ఎస్ఎస్-20 క్షిపణి మొదటి దశ, అనుమతి ఉన్న ఎస్ఎస్-25 మొదటి దశ చూడటానికి దాదాపు ఒకేలా ఉండేవి. అందుకని గేటు దాటే పెద్ద పెట్టెలను కొలిచేవారు, అవసరమైతే ఎక్స్‌రే తీసేవారు. బదులుగా సోవియట్ ఇన్‌స్పెక్టర్లు అమెరికాలో యూటా రాష్ట్రంలోని మాగ్నాలో ఉండేవారు. పాత ఒప్పందాల గురించి ఏది చదివినా ఈ గేటు కాపలా దగ్గరే నా మనసు ఆగిపోతుంది. చలి, విసుగు, పెట్టెల కొలతలు... ప్రపంచాన్ని నిజంగా కాస్త నిశ్చింతగా ఉంచింది ఇలాంటి గుమాస్తా పనే.

శాటిలైట్లను కూడా తీసిపారేయలేదు. స్టార్ట్-1 (1991 నాటి ఆయుధాల తగ్గింపు ఒప్పందం) కింద అరిజోనాలోని డేవిస్-మోంథన్ స్థావరంలో పాత బీ-52 బాంబర్లను క్రేన్‌కు కట్టిన ఆరు టన్నుల ఉక్కు కత్తిని పైనుంచి వదిలి ముక్కలు చేశారు. ఆ ముక్కల్ని రష్యా శాటిలైట్లు చూసుకునేలా 90 రోజులు ఆరుబయటే వదిలేశారు.

విప్పేసిన బాంబుల్లోని యురేనియం ఏమైంది?

చాలా భాగం కరెంటైంది. 1993 ఒప్పందం ప్రకారం రష్యా వార్‌హెడ్లలోని 500 టన్నుల అధిక శుద్ధ యురేనియాన్ని పలుచన చేసి అమెరికా అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనంగా అమ్మారు. 2013 దాకా ఇది సాగింది. ఆ రోజుల్లో అమెరికాలో వెలిగిన ప్రతి పది బల్బుల్లో దాదాపు ఒకటి రష్యా బాంబుల పుణ్యమే.

ఉక్రెయిన్ తన అణ్వాయుధాలు ఇచ్చేసి మోసపోయిందా?

సోవియట్ యూనియన్ విడిపోయాక ఉక్రెయిన్ భూమి మీద సుమారు 1,900 దూరశ్రేణి వార్‌హెడ్లు మిగిలాయి. 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ దాని సరిహద్దులను గౌరవిస్తామని రాసిచ్చాయి. 1996 నాటికి అన్నీ రష్యాకు చేరాయి. 2014లో క్రిమియాను కలుపుకుని రష్యా ఆ మాట తప్పింది. మోసపోయిందనే అనాలి. కాకపోతే ఆ క్షిపణులను ప్రయోగించే ఆదేశాల వ్యవస్థ మాస్కో చేతిలోనే ఉండేదన్నదీ గుర్తుంచుకోవాలి. ఉంచుకోవడం చెప్పినంత తేలిక కాదు.

## ఎలా కూలాయి?

మొదటి ఇటుక ఎవరు పీకారు?

అమెరికా. ఏబీఎం ఒప్పందం ప్రకారం క్షిపణుల్ని అడ్డుకునే రక్షణ వ్యవస్థలను ఇరుపక్షాలూ బాగా పరిమితం చేసుకున్నాయి. రక్షణ తగ్గించుకోవడం వింతగా అనిపిస్తుంది. కానీ ఒకరు బలమైన డాలు తయారు చేసుకుంటే, దాన్ని దాటడానికి రెండోవాళ్లు మరిన్ని క్షిపణులు చేస్తారు. ఆ పోటీకి ఆదిలోనే కళ్లెం వేశారన్నమాట. జార్జ్ డబ్ల్యూ. బుష్ 2001 డిసెంబర్‌లో ఆరు నెలల నోటీసిచ్చి, 2002 జూన్‌లో బయటికి వచ్చేశారు. మర్నాడే రష్యా, స్టార్ట్-1 తర్వాతి తగ్గింపు ఒప్పందమైన స్టార్ట్-2కు కట్టుబడబోమని ప్రకటించింది. 2018లో పుతిన్ కొత్త ఆయుధాలు ప్రకటించినప్పుడు చెప్పిన కారణం కూడా ఈ ఏబీఎం నిష్క్రమణే.

ఐఎన్ఎఫ్ ఒప్పందం ట్రంప్ వల్లే పోయిందా?

బయటికి వచ్చింది ట్రంప్ ప్రభుత్వమే, 2019 ఆగస్టు 2న. కానీ మొదట ఉల్లంఘించింది రష్యా అని నా అభిప్రాయం. 1987లో రీగన్, గోర్బచేవ్ సంతకం చేసిన ఈ ఒప్పందం నేల మీద నుంచి ప్రయోగించే, 500 నుంచి 5,500 కిలోమీటర్ల దూరం వెళ్లే క్షిపణులను పూర్తిగా నిషేధించింది. దాని కింద 2,692 క్షిపణులను ధ్వంసం చేశారు. రష్యా తయారు చేసిన 9ఎం729 క్రూయిజ్ క్షిపణి ఆ హద్దు దాటుతోందని అమెరికా ఏళ్ల తరబడి ఆరోపించింది. బహిరంగంగా మొదట అన్నది 2014లో, ఒబామా హయాంలో. 2019 జనవరిలో రష్యా మాస్కో దగ్గర ఆ క్షిపణి గొట్టాన్ని విలేఖరులకు, విదేశీ సైనిక ప్రతినిధులకు చూపించి, ఇది 480 కిలోమీటర్లే వెళ్తుందంది. బయటి నుంచి గొట్టం చూసి అది ఎంత దూరం వెళ్తుందో ఎవరు చెప్పగలరు? అమెరికా అసలు వెళ్లనే లేదు.

రష్యా వాదనా పూర్తిగా కొట్టేయదగ్గది కాదు. రుమేనియాలోని దెవెసెలులో అమెరికా పెట్టిన లాంచర్లు టోమహాక్ క్రూయిజ్ క్షిపణులను కూడా ప్రయోగించగలవని అది అనేది. ఒప్పందం పోయిన 16 రోజులకే, ఆగస్టు 18న, కాలిఫోర్నియా తీరంలో అమెరికా నేల మీద నుంచి క్రూయిజ్ క్షిపణి పరీక్షించింది. చూస్తే, ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసినట్టే ఉంది.

ఓపెన్ స్కైస్ సంగతేంటి?

ఆయుధం లేని నిఘా విమానాలు ఒకరి గగనతలంలో ఒకరు ఎగిరి ఫొటోలు తీసుకునే ఒప్పందం. అమెరికా 2020 నవంబర్‌లో, రష్యా 2021 డిసెంబర్‌లో వదిలేశాయి. పెద్ద దేశాలకు శాటిలైట్లున్నాయి కాబట్టి పెద్ద నష్టం లేదు. సొంత శాటిలైట్లు లేని చిన్న యూరప్ దేశాలకే లోటు.

కరోనా వల్ల తనిఖీలు ఆగిపోయాయంటారు, నిజమేనా?

మొదట ఆగింది కరోనా వల్లే, 2020 మార్చిలో, ఇద్దరి అంగీకారంతో. మళ్లీ మొదలుపెడదామనుకునే సమయానికి ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. 2022 ఆగస్టులో, ఆంక్షల వల్ల తమ ఇన్‌స్పెక్టర్లకు ప్రయాణం కష్టమంటూ రష్యా తనిఖీలు నిలిపేసింది. 2023 ఫిబ్రవరి 21న పుతిన్ ఒప్పందంలో పాల్గొనడాన్నే సస్పెండ్ చేశారు. అంకెలకు మాత్రం కట్టుబడతామన్నారు. బదులుగా అమెరికా కూడా తన లెక్కలివ్వడం ఆపేసింది.

అంటే గడువు తీరడానికి మూడేళ్ల ముందే ఒప్పందం ప్రాణం పోయింది. ఆ తర్వాత 2024 సంవత్సరానికి అమెరికా విదేశాంగ శాఖ నివేదికలో రాసింది చూడండి: రష్యా 1,550 దగ్గర్లో ఉండొచ్చు, కొద్దిగా మించి కూడా ఉండొచ్చు. ఖాయంగా చెప్పలేకపోయారు. చూసొచ్చేవాళ్లు లేకపోతే మిగిలేది అంచనాలే.

ఇంతకీ తప్పెవరిది?

తిలాపాపం తలా పిడికెడు. అయితే పిడికెళ్లు సమానం కావు. ఏబీఎంను వదిలేసి అమెరికా పునాది కదిపింది, చట్టబద్ధంగానే అయినా. ఐఎన్ఎఫ్‌లో దొంగచాటు పని రష్యాది. న్యూ స్టార్ట్‌ను ఉక్రెయిన్ యుద్ధానికి ముడిపెట్టి ఆపిందీ రష్యానే. అమెరికాలో ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. న్యూ స్టార్ట్ 2010లో 71–26తో గట్టెక్కింది. ఇవాళ్టి సెనేట్‌లో 67 ఓట్లు ఏ అణు ఒప్పందానికైనా వస్తాయంటే నేను నమ్మను.

## ఇప్పుడేంటి?

ఒప్పందం లేదంటే ఇక ఎవరిష్టం వాళ్లదా?

చట్టపరంగా అంతే. 1972 తర్వాత ఈ రెండు దేశాలకు దూరశ్రేణి అణ్వాయుధాల మీద ఏదో ఒక పరిమితి, లేదా దాన్ని పాటిస్తామన్న మాట, చాలావరకు ఉంటూనే వచ్చింది. ఇప్పుడు కాగితం మీద ఏదీ లేదు.

అలాగని రాత్రికి రాత్రి కొత్త బాంబులు పుట్టవు. త్వరగా జరగగలిగేది గోదాములో ఉన్న వార్‌హెడ్లను తెచ్చి ఉన్న క్షిపణుల మీద ఎక్కించడం. అమెరికా మినిట్‌మన్-3 క్షిపణులు 400, ప్రస్తుతం ఒక్కోదాని మీద ఒక్కో వార్‌హెడ్. కొన్నింటికి మూడు కూడా పట్టే వీలుంది. ఒహాయో తరగతి జలాంతర్గామికి 24 గొట్టాలుంటే, న్యూ స్టార్ట్ కోసం ఒక్కోదాంట్లో నాలుగు మూసేశారు. వాటిని మళ్లీ తెరవొచ్చు. రష్యా పెద్ద క్షిపణులు ఒక్కొక్కటీ చాలా వార్‌హెడ్లు మోస్తాయి, అక్కడా ఖాళీ ఉంది.

పుతిన్ ఇంకో ఏడాది పాటిద్దామన్నారట, అది ఏమైంది?

2025 సెప్టెంబర్ 22న అన్నారు: అమెరికా పాటిస్తే గడువు తీరాక ఒక ఏడాది అవే అంకెలు మేమూ పాటిస్తాం అని. అక్టోబర్‌లో ట్రంప్ మంచి ఆలోచనలాగే ఉందన్నారు. గడువులోపు సంతకాలేమీ కాలేదు. ఒకవేళ అయినా, అందులో తనిఖీల ప్రస్తావన లేదు. తనిఖీ లేని అంకెకు నేను పెద్దగా విలువ ఇవ్వను.

చైనాను ఎందుకు కలుపుకోరు?

కలుపుకోవాలని అమెరికా, రానని చైనా. 2025 జనవరి నాటికి చైనా దగ్గర సుమారు 600 వార్‌హెడ్లున్నాయని అంచనా. "మీరిద్దరూ మా స్థాయికి దిగండి, అప్పుడు చూద్దాం" అన్నది బీజింగ్ ధోరణి. 2020 జూన్‌లో వియన్నా చర్చలప్పుడు అమెరికా బృందం బల్ల మీద చైనా జెండాలు పెట్టి, ఖాళీ కుర్చీల ఫొటో తీసి ట్విట్టర్లో పెట్టింది. చైనాకు ఒళ్లు మండింది. దౌత్యంలో ఇలాంటి వెటకారం పనికిరాదు.

కానీ చైనా వాదన కూడా రోజురోజుకూ బలహీనపడుతోంది. 2021లో గాన్సు ప్రాంతంలోని యుమెన్ దగ్గర, షింజియాంగ్‌లోని హామీ దగ్గర వందల క్షిపణి గోతులు తవ్వుతున్నట్టు శాటిలైట్ చిత్రాల్లో బయటి పరిశోధకులు కనిపెట్టారు. 2030కల్లా చైనా వెయ్యి దాటుతుందని పెంటగన్ అంచనా. ఇక అమెరికాలో "ఇద్దరితో ఒకేసారి తలపడాలంటే 1,550 చాలవు" అనే మాట మొదలైంది. 2023 నవంబర్‌లో అమెరికా, చైనా అధికారులు ఒకసారి కూర్చుని మాట్లాడుకున్నారు. 2024 జులైలో, తైవాన్‌కు ఆయుధాల అమ్మకాలకు నిరసనగా చైనా ఆ చర్చలనూ ఆపేసింది.

అణు పరీక్షలు మళ్లీ మొదలవుతాయా?

అవకాశం పెరిగింది, మొదలవలేదు. సోవియట్ చివరి పరీక్ష 1990లో, అమెరికాది 1992లో, చైనాది 1996లో. ఈ శతాబ్దంలో పరీక్షించింది ఉత్తర కొరియా ఒక్కటే. సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందాన్ని (సీటీబీటీ) అమెరికా సెనేట్ 1999లో తిరస్కరించింది. రష్యా 2000లో ఆమోదించి, 2023 నవంబర్‌లో ఆ ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది. 2025 అక్టోబర్ చివర్లో ట్రంప్ "మిగతా దేశాలతో సమానంగా" పరీక్షలు మొదలుపెట్టమన్నారు. పేలుళ్లు కాదని ఆయన ఇంధన మంత్రి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

అన్నీ పోయాయా? ఇంకేమైనా మిగిలిందా?

కొన్ని మిగిలాయి. 1963 హాట్‌లైన్ ఉంది. సినిమాల్లో చూపించే ఎర్ర టెలిఫోన్ ఎన్నడూ లేదు, అది మొదట టెలిప్రింటర్, తర్వాత ఫ్యాక్స్, ఇప్పుడు ఈమెయిల్. ఖండాంతర క్షిపణి పరీక్షించే ముందు చెప్పుకోవాలన్న 1988 ఒప్పందం ఉంది. న్యూ స్టార్ట్‌ను సస్పెండ్ చేసినప్పుడు కూడా దీన్ని పాటిస్తామనే రష్యా చెప్పింది. సముద్రంలో నౌకలు ఢీకొనకుండా 1972లో చేసుకున్న ఒప్పందం కూడా ఉంది.

## మన సంగతి

ఇండియా వీటిలో దేని మీదా ఎందుకు సంతకం చేయలేదు?

అమెరికా–రష్యా ఒప్పందాలు వాళ్లిద్దరివే. ఇండియా కాదన్నవి అణు వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్పీటీ), సీటీబీటీ. 1967కు ముందు బాంబు పేల్చిన ఐదు దేశాలు ఉంచుకోవచ్చు, మిగతావాళ్లు చేయకూడదు అంటుంది ఎన్పీటీ. ఆ వివక్ష మీదే మన అభ్యంతరం. బదులుగా ఆ ఐదుగురూ నిరాయుధీకరణ కోసం నిజాయతీగా చర్చలు జరపాలని అందులోనే ఆరో అధికరణం ఉంది. ఇప్పుడు ఆ చర్చలే లేవు కాబట్టి మన పాత వాదనకు బలం పెరిగింది. సంతోషించాల్సిన విషయమేమీ కాదు.

మనకీ పాకిస్తాన్‌కీ మధ్య ఇలాంటివేమైనా ఉన్నాయా?

పరిమితులు లేవు, జాగ్రత్తలున్నాయి. అణు కేంద్రాల మీద దాడి చేయకూడదన్న ఒప్పందం 1988 డిసెంబర్ 31న కుదిరింది. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. కార్గిల్ తర్వాతా ఆగలేదు. 2005 ఒప్పందం ప్రకారం బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు చెప్పాలి. హైదరాబాద్ డీఆర్డీవో ల్యాబుల్లో రూపుదిద్దుకునే అగ్ని క్షిపణులకు ఇది వర్తిస్తుంది, క్రూయిజ్ క్షిపణులకు వర్తించదు. 2022 మార్చి 9న మన క్రూయిజ్ క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. అదృష్టం కొద్దీ అందులో వార్‌హెడ్ లేదు. క్రూయిజ్ క్షిపణుల్ని కూడా ఆ ఒప్పందంలో చేర్చడానికి అంతకంటే మంచి కారణం దొరకదు.

విశాఖలో తయారైన అరిహంత్, 2024 ఆగస్టులో అక్కడే నౌకాదళంలో చేరిన అరిఘాత్ లాంటి అణు జలాంతర్గాములకు సంబంధించి మాత్రం ఎవరితోనూ ఏ ఒప్పందమూ లేదు.

మా అబ్బాయి సియాటిల్లో ఉంటాడు, పక్కనే అణు జలాంతర్గాముల బేస్ ఉందట. టెన్షన్ పడాలా?

ఉంది. పుజెట్ సౌండ్ అవతల బ్యాంగర్ స్థావరం. అమెరికాకు ఉన్న 14 ఒహాయో తరగతి జలాంతర్గాముల్లో ఎనిమిదింటి సొంత రేవు అదే. మీ అబ్బాయి వెళ్లకముందు నుంచీ ఉంది, ఒప్పందం ఉన్న రోజుల్లోనూ ఉంది. ఉద్యోగం మార్చుకోమని చెప్పాల్సినంత కొత్త ప్రమాదమేమీ రాలేదు.

ఇకపై పేపర్లో ఏ వార్తలు గమనించాలి?

నాయకుల ప్రకటనలు వదిలేయండి. ఒహాయో జలాంతర్గాముల్లో మూసేసిన గొట్టాలు తెరుస్తున్నారా, మినిట్‌మన్‌ల మీద రెండో వార్‌హెడ్ ఎక్కిస్తున్నారా చూడండి. నోవయా జెమ్ల్యా (రష్యా), లోప్ నూర్ (చైనా), నెవాడా (అమెరికా) అణు పరీక్షా స్థలాల్లో కొత్త సొరంగాల వార్తలు చూడండి. మళ్లీ ఏదైనా ఒప్పందం కుదిరిందని హెడ్‌లైన్ వస్తే, ముందు తనిఖీల గురించి రాసిన పేరా వెతకండి. అది లేకపోతే మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.